పేపర్లో పడిందంటే నిజమేనా?

ప్రశ్న: ఒకే బహిరంగ సభ గురించి ఒక పేపరు ‘జనం పోటెత్తారు’ అని రాసింది. ఇంకో పేపరు ‘వెలవెలబోయిన సభ’ అని రాసింది. రెండింట్లోనూ ఫొటోలు ఉన్నాయి. ఏది నమ్మాలి? వార్త నిజమో కాదో ఇంట్లో కూర్చున్న మనకెలా తెలుస్తుంది?

జవాబు: ఇలా అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు సాధారణంగా ‘ఆ పేపరు ఫలానా పార్టీది, ఈ పేపరు వీళ్ళది, అంతే’ అని తేల్చేస్తారు. ఏ పేపరు ఎవరి వైపు మొగ్గుతుందో తెలుగు పాఠకులకు ఒకరు చెప్పనక్కర్లేదు కాబట్టి ఆ జవాబును తప్పనలేం. కానీ అక్కడితో ఆగితే ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. మొగ్గు ఉన్న పేపరు కూడా రోజూ ఎన్నో నిజాలు రాస్తుంది. ఏ మొగ్గూ లేని విలేకరి కూడా పొరబడతాడు. వర్షపాతం, బస్సు ప్రమాదం, కొత్త మందు లాంటి ఏ పార్టీకీ సంబంధం లేని వార్తల్లోనూ రెండు పేపర్ల మధ్య తేడాలు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఎవరు రాశారో చూసి ఊరుకోకుండా, ఆ వార్త ఎలా తయారైందో కూడా చూడాలి.

ముందు ఫొటోల సంగతి. ఆ రెండూ నిజమైన ఫొటోలే కావచ్చు. నాలుగు గంటలకు సభ అని పిలుస్తారు, నాయకుడు ఆరున్నరకు వస్తాడు. నాలుగున్నరకు తీసిన ఫొటోలో ఖాళీ కుర్చీలు ఉంటాయి. ఏడు గంటలకు తీస్తే నిండుగా ఉంటుంది. ప్రధాన ఉపన్యాసం ఇంకా సాగుతుండగానే, బస్సులు దొరకవేమోనని జనం లేవడం మొదలుపెడతారు. అప్పుడు తీస్తే మళ్ళీ ఖాళీలే. కెమెరా ఎక్కడ పెట్టారన్నది ఇంకొకటి. దూరం నుంచి టెలీ లెన్స్ (దూరాన ఉన్నదాన్ని దగ్గరకు లాగి చూపే కటకం)తో తీస్తే వరసల మధ్య ఎడం కుంచించుకుపోయి తల పక్కనే తల ఉన్నట్టు కనిపిస్తుంది. అదే మైదానాన్ని డ్రోన్‌తో పైనుంచి తీస్తే మధ్యలోని ఖాళీలన్నీ బయటపడతాయి. అంటే ఏ పేపరూ దొంగ ఫొటో వేయలేదు. ఉన్నవాటిలో తనకు కావలసింది ఏరుకుంది, అంతే. ఒక్క అబద్ధం కూడా రాయకుండానే పాఠకుడికి తప్పు అభిప్రాయం కలిగించవచ్చు. ఇది ముందు గుర్తుంచుకోవలసిన సంగతి.

మరి జనం ఎంతమంది వచ్చారో తేల్చే దారి లేదా? ఉంది. అమెరికాలోని బర్క్‌లీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ జేకబ్స్ అనే ఆయన జర్నలిజం పాఠాలు చెప్పేవారు. 1960ల్లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా విద్యార్థులు ఆయన ఆఫీసు కిటికీ కిందే సభలు పెట్టేవాళ్ళు. అక్కడి నేల గళ్ళు గళ్ళుగా ఉండేది. ఒక గడిలో ఎంతమంది నిలబడ్డారో, ఎన్ని గళ్ళు నిండాయో చూసి ఆయన ఒక లెక్క కట్టారు. జనం పలచగా, చెయ్యి చాచేంత ఎడంతో నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు పడుతుంది. ఒత్తుగా నిలబడితే నాలుగున్నర అడుగులు చాలు.

ఈ లెక్క మన సభలకు వేసి చూడండి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. పదెకరాల మైదానంలో వేదికకూ నడవడానికీ చోటు వదలకుండా మూలమూలలా జనం నిండారనుకుందాం. పలచగా ఉంటే సుమారు 43 వేల మంది. ఒత్తుగా ఉంటే 97 వేల లోపు. కుర్చీలు వేస్తే ఇంకా తగ్గుతారు. ఊపిరాడనంత కిక్కిరిసిపోతే మనిషికి రెండున్నర అడుగులు అంటారు జేకబ్స్. అలా కుక్కినా లక్షా 75 వేలు దాటరు. ఇప్పుడు ‘పదెకరాల ప్రాంగణం, 5 లక్షల జనం’ అని ఏ పేపరు రాసినా అది నమ్మడానికో నమ్మకపోవడానికో పార్టీతో పని లేదు. కాగితం, పెన్సిలు చాలు. లెక్కల మాస్టారు ఎవరైనా ఈ లెక్కను క్లాసులో చేయిస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది.

అసలు ఆ 5 లక్షల సంఖ్య ఎక్కడినుంచి వచ్చింది? విలేకరి లెక్కపెట్టలేదు. సభ పెట్టినవాళ్ళు చెప్పారు, ఆయన రాసుకున్నాడు. ఏ వార్త చదివినా ప్రతి ముఖ్యమైన వాక్యం దగ్గర ఆగి అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ మాట వీళ్ళకెలా తెలిసింది? దీనికి జవాబు దొరకాలంటే వార్త మన గుమ్మం దాకా ఎలా వస్తుందో కొంచెం తెలిసి ఉండాలి.

సాయంత్రం ఆరింటికి ఒక మండలంలో బస్సు బోల్తా పడిందనుకుందాం. అక్కడి విలేకరి చాలాసార్లు నెల జీతం ఉద్యోగి కాదు, రాసిన వార్తల కొలతను బట్టి డబ్బు అందుకునే కంట్రిబ్యూటరు. ఆయన వెళ్ళేసరికి ముప్పావు గంట గడిచిపోయింది. ప్రమాదాన్ని ఆయన చూడలేదు. చుట్టుపక్కలవాళ్ళను అడుగుతాడు, ఎస్సైని అడుగుతాడు, ఆస్పత్రికి ఫోన్ చేస్తాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పవచ్చు. విన్నది రాసి పంపుతాడు. అక్కడ డెస్కులో సబ్ ఎడిటర్ (వచ్చిన వార్తను దిద్ది, కుదించి, పేజీకి సరిపెట్టే మనిషి) దాన్ని మళ్ళీ రాస్తాడు. ఢిల్లీ వార్తయితే పీటీఐ లాంటి వార్తా సంస్థ పంపిన ఇంగ్లీషు కాపీని తెలుగు చేసేది కూడా ఆయనే. చివరికి శీర్షిక పెట్టేది కూడా డెస్కే. సాధారణంగా రాసిన విలేకరికి ఆ శీర్షిక ఏమిటో పొద్దున పేపరు చూశాకే తెలుస్తుంది.

అందుకే శీర్షికకూ కింద ఉన్న వార్తకూ అప్పుడప్పుడు పొంతన ఉండదు. ‘డ్రైవర్ నిద్రమత్తే కారణం’ అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లోపల నాలుగో పేరాలో ‘డ్రైవర్ నిద్రమత్తులో ఉండి ఉండవచ్చని స్థానికులు అనుమానిస్తున్నారు’ అని ఉంటుంది. శీర్షికకు ఇచ్చే చోటు నాలుగైదు మాటలకే సరిపోతుంది, పైగా అది కంటిని ఆపాలి. ఆ ఇరుకులో ముందు ఎగిరిపోయేది ‘అనుమానిస్తున్నారు’ అనే మాటే. శీర్షిక చివర ప్రశ్నార్థకం కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా చదవాలి. పేపరు దగ్గర గట్టి ఆధారమే ఉంటే ఆ ప్రశ్నార్థకం పెట్టేవాళ్ళు కారు.

వార్తను చివరి పేరా దాకా చదవడం అందుకే అవసరం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ముఖ్యమైనది పైన, అంత ముఖ్యం కానిది కింద వచ్చేలా వార్త రాయడం పత్రికల్లో పాత పద్ధతి. చోటు చాలకపోతే డెస్కువాళ్ళు కింది నుంచి కోసుకుంటూ వస్తారు. ఆరోపణ పై పేరాలో ఉంటుంది. ఆరోపణ ఎదుర్కొన్న అధికారి ఇచ్చిన వివరణ అట్టడుగున ఉంటుంది, లేదా కోతకు పోతుంది. కాబట్టి ఎదుటివాళ్ళు ఏమన్నారో వార్తలో ఎక్కడా లేకపోతే, అడగలేదా, అడిగినా చెప్పలేదా, చెప్పినా వేయలేదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మంచి పేపరయితే ‘వివరణ కోరగా స్పందించలేదు’ అని కనీసం ఒక ముక్క వేస్తుంది.

మృతుల సంఖ్య రెండు పేపర్లలో రెండు రకాలుగా ఉండటానికి చాలాసార్లు గడియారమే కారణం. దూరపు ఊళ్ళకు వెళ్ళే ఎడిషన్ ముందే ముగించాలి, నగరం ఎడిషన్‌కు ఇంకొన్ని గంటలు దొరుకుతాయి. ఈ తొందర ఎంతటి పేపరునైనా తప్పులో దించుతుంది. 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ట్రూమన్ గెలిస్తే, ఆయన చేతిలో ఓడిన డ్యూయీ గెలిచాడని ‘చికాగో ట్రిబ్యూన్’ మొదటి పేజీలో అచ్చేసింది. ప్రింటింగు కార్మికుల సమ్మె వల్ల పేజీలు చాలా ముందుగా ముగించవలసి వచ్చింది, లెక్కింపు తేలకముందే అంచనాను ఫలితంగా వేసేశారు. గెలిచిన ట్రూమన్ ఆ పేపరును రెండు చేతులా ఎత్తి నవ్వుతూ చూపించిన ఫొటో ఇప్పటికీ జర్నలిజం పాఠాల్లో ఉంది. పెద్ద సంఘటన జరిగిన మర్నాడు వచ్చే వార్తలోని సంఖ్యలను పెన్సిలుతో రాసుకోవాలి, పెన్నుతో కాదు.

ఇక వార్తలో వాక్యాలు ఎలా ముగుస్తున్నాయో గమనించండి. ‘ఎస్సై తెలిపారు’ అంటే చెప్పిన మనిషి ఉన్నాడు, రేపు అడగవచ్చు. ‘ఆరోపించారు’ అంటే ఒకరి మాట మాత్రమే, రుజువు కాలేదు. ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అంటే చెప్పిందెవరో మనకు చెప్పడం లేదు. పేరు బయటపెడితే ఉద్యోగం పోయే చిన్న ఉద్యోగి వల్ల పెద్ద కుంభకోణాలు వెలుగుచూసిన సందర్భాలు ఉన్నాయి, కాబట్టి పేరు లేని ప్రతి మాటా కల్పన కాదు. కానీ ఒక వార్త మొదటి నుంచి చివరి దాకా ‘తెలిసింది’, ‘సమాచారం’ మీదే నడిస్తే, అక్కడ ఒక్క కాగితం గానీ ఒక్క పేరు గానీ లేకపోతే, దాన్ని వదంతికి ఒక మెట్టు పైన ఉంచితే చాలు.

ఇంతవరకూ చెప్పుకున్నవి కంటితో చూసి పట్టుకోగలిగేవి. ఆరోగ్యం పేజీలోనూ ఆదివారం అనుబంధంలోనూ వచ్చే ‘పరిశోధనలో తేలింది’ రకం వార్తలు వీటికంటే గడుసువి. అక్కడ పార్టీ లేదు, ఆరోపణ లేదు, పేరూ సంస్థా అన్నీ ఉంటాయి. అయినా ఎలా మోసపోతామో చూపించడానికి 2015లో ఒక జర్నలిస్టు కావాలనే ఒక పని చేశాడు. దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆయన పేరు జాన్ బొహానన్. డైటింగు పరిశోధనల డొల్లతనం మీద డాక్యుమెంటరీ తీస్తున్న ఇద్దరు జర్మన్ టీవీ విలేకరులు ఆయన్ని కలుపుకున్నారు. ‘ఆహార ఆరోగ్య సంస్థ’ లాంటి గంభీరమైన పేరుతో ఒక వెబ్‌సైటు తెరిచారు. ఆ సంస్థలో వెబ్‌సైటు తప్ప ఏమీ లేదు. తర్వాత జర్మనీలో కొంతమందిని పోగుచేసి నిజంగానే ప్రయోగం చేశారు. చివరికి లెక్కలోకి వచ్చినవాళ్ళు 15 మంది. వాళ్ళను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు పిండిపదార్థాలు తగ్గించి తినాలి. రెండో గుంపు అలాగే తింటూ రోజూ 42 గ్రాముల డార్క్ చాక్లెట్ కూడా తినాలి. మూడో గుంపు ఎప్పటిలాగే తినాలి. మూడు వారాల తర్వాత చూస్తే రెండో గుంపు మొదటి గుంపు కంటే పదిశాతం వేగంగా బరువు తగ్గింది. పరిశోధన వ్యాసం రాసి 600 యూరోలు కట్టించుకునే ఒక జర్నల్‌కు పంపితే, వాళ్ళు ఒక్క అక్షరం మార్చకుండా వేసేశారు. ఆ తర్వాత పత్రికలకు ప్రెస్ నోట్ (విలేకరులు నేరుగా వాడుకోవడానికి వీలుగా రాసిచ్చే ప్రకటన) పంపారు. జర్మనీలో అత్యధికంగా అమ్ముడయ్యే ‘బిల్డ్’ వేసింది. అక్కడినుంచి ఇరవైకి పైగా దేశాలకు పాకింది. మన దేశంలోని ఇంగ్లీషు వార్తా సైట్లలోనూ వచ్చింది. చాక్లెట్ తింటే బరువు తగ్గుతారన్న వార్త ఎవరికి చేదు?

ఇందులో అబద్ధపు అంకెలేమీ లేవు. ప్రయోగం నిజం, కొలతలు నిజం. మరి మోసం ఎక్కడుంది? రెండు చోట్ల. పదిహేను మందిని మూడు గుంపులు చేస్తే గుంపుకు అయిదుగురు. మనిషి బరువు ఏ కారణం లేకుండానే వారానికి ఒక కిలో అటూ ఇటూ అవుతుంది. అయిదుగురిలో ఇద్దరికి అలా జరిగినా సగటు మారిపోతుంది. రెండోది ఇంకా తెలివైన ఎత్తు. వాళ్ళు బరువొక్కటే కొలవలేదు. కొలెస్ట్రాల్, సోడియం, నిద్ర, మనసు హుషారు ఇలా మొత్తం 18 సంగతులు కొలిచారు. చెరువులో పద్దెనిమిది గాలాలు వేసి కూర్చుంటే ఏదో ఒకదానికి ఏదో ఒక చేప తగులుతుంది. తగిలినదాన్ని పైకి తీసి, దీనికోసమే వచ్చామని చెప్పుకోవచ్చు. పరిశోధకులు సాధారణంగా ఒప్పుకునే గీటురాయి ప్రకారం, అసలు ఏ ప్రభావం లేకపోయినా ఒక్కో కొలత కాకతాళీయంగా ‘తేడా ఉంది’ అని చూపే అవకాశం ఇరవైలో ఒకటి. పద్దెనిమిది కొలిస్తే కనీసం ఒకటి అలా చూపే అవకాశం నూటికి అరవై. ఈసారి బరువు తగిలింది. కొలెస్ట్రాల్ తగిలి ఉంటే ‘గుండెకు చాక్లెట్ మేలు’ అని చదివి ఉండేవాళ్ళం.

2015 మే నెలలో బొహానన్ తానే గుట్టు విప్పాడు. ఎంతమంది మీద ప్రయోగం చేశారన్న సంగతి చాలా వార్తల్లో లేనేలేదని, ఆ ప్రయోగంతో సంబంధం లేని ఇంకో శాస్త్రవేత్తను అడిగి రాసిన పత్రిక కనిపించలేదని చెప్పాడు. విలేకరులు వదిలేసిన ప్రశ్నలను కొన్నిచోట్ల పాఠకులే అడిగారట. పాఠకుడికి చేతకాని పని కాదిది. ఎంతమంది మీద చేశారు? ఎవరితో పోల్చారు? ఎన్నాళ్ళు? డబ్బు ఎవరు పెట్టారు? బయటి నిపుణుడు ఎవరైనా మాట్లాడారా? వార్తలో ఈ జవాబులు లేకపోతే దాన్నిబట్టి మన తిండి మార్చుకోవడం తొందరపాటు.

సంఖ్య సరైనదే అయినా, చెప్పే తీరును బట్టి ప్రాణం మీదికి రావచ్చు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతను చూసే కమిటీ ఒక హెచ్చరిక చేసింది. కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందన్నారు. పత్రికలు, టీవీలు ‘రెట్టింపు’ అనే మాట పట్టుకున్నాయి. చాలామంది స్త్రీలు భయపడి మాత్రలు మానేశారు. ఇంతకూ ఏది రెట్టింపయింది? పాత మాత్రలతో ఏడు వేల మందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది, కొత్త మాత్రలతో ఇద్దరికి వస్తుంది. ఒకటి రెండయితే రెట్టింపే, నూటికి నూరు శాతం పెరుగుదలే. కానీ పెరిగింది ఏడు వేల మందిలో ఒక్కరికి. మాత్రలు మానేయడంతో కోరని గర్భాలు వచ్చి, ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13 వేల అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. గర్భం వల్లా అబార్షన్ వల్లా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కంటే ఎక్కువ. కాబట్టి ‘రెట్టింపు’, ‘40 శాతం ఎక్కువ’ అని కనిపించినప్పుడల్లా, ఎంతలో ఎంత అని అడగండి. ఇద్దరు దొంగలుండే ఊళ్ళో ముగ్గురైతే దొంగలు 50 శాతం పెరిగినట్టే.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రకటన ప్రకటనలా ఉంటే గొడవ లేదు. వార్త వేషంలో వచ్చినప్పుడే చిక్కు. 2009 మహారాష్ట్ర ఎన్నికలప్పుడు ఒక నాయకుణ్ణి పొగుడుతూ ఒకే వ్యాసం ఒకదానితో ఒకటి పోటీపడే పత్రికల్లో అక్షరం పొల్లుపోకుండా వచ్చిన సంగతిని పి. సాయినాథ్ ‘ది హిందూ’లో బయటపెట్టారు. దీన్నే పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వేసే వార్త) అంటున్నాం. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి 2010లో దీనిమీద నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ మొదట దాన్ని కుదించి విడుదల చేసింది. పత్రికల పేర్లున్న పూర్తి పాఠం కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో బయటికి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఒకరిని ఎన్నికల సంఘం మూడేళ్ళపాటు అనర్హురాలిగా ప్రకటించింది. ఇలాంటి వార్తలకు పెట్టిన ఖర్చును ఆమె ఎన్నికల లెక్కల్లో చూపలేదు. ఎన్నికల రోజుల్లో రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఫొటో, ఒకే పాఠం, విలేకరి పేరు లేదు, ఎదుటి పక్షం ఊసు లేదు, మూడు పేరాల్లో ఒక్క విమర్శ లేదు అంటే అది ఎక్కడినుంచి వచ్చిందో ఊహించవచ్చు. కొత్త కాలేజీ, కొత్త వెంచర్, కొత్త ఆస్పత్రి గురించిన ఫుల్ పేజీ కథనాల మూలన చిన్న అక్షరాల్లో ‘ప్రకటన’ అని ఉందేమో వెతకండి.

సంపాదకీయాన్ని, కాలమ్‌ను వార్తలా చదవకూడదు, అవి అభిప్రాయాలు. అభిప్రాయం ఉండటం తప్పు కాదు. రాసినవాళ్ళు ఏ పదవిలో ఉన్నారో, దేనికోసం వాదిస్తున్నారో వ్యాసం కింద ఇచ్చే చిన్న పరిచయంలో ఉంటుంది. వ్యాసం కంటే ముందు అది చదవడం నా అలవాటు.

ఇదంతా విన్నాక ‘అయితే పేపర్లన్నీ అబద్ధాలే’ అనేవాళ్ళు ఉంటారు. నాకు ఈ మాట పేపర్లు చేసే తప్పులకంటే ఎక్కువ ప్రమాదకరంగా కనిపిస్తుంది. ఏ పేపరునూ నమ్మనని చెప్పే పెద్దమనిషి, తేదీ లేని పేపరు కటింగు ఫొటో ఫోన్‌లో రాగానే పదిమందికి పంపుతాడు. 2016 నవంబరులో కొత్త 2,000 రూపాయల నోటులో భూమిలో పాతినా జాడ చెప్పే చిప్ ఉందన్న కథ ఇలాగే ఊరూరా తిరిగింది. కొన్ని టీవీ చానళ్ళు కూడా చెప్పాయి. అలాంటి చిప్ ఆ నోటులో లేనే లేదు. పేపరుకు ఒక చిరునామా ఉంటుంది. చివరి పేజీ అడుగున చీమంత అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు, అచ్చయిన చోటు ఉంటాయి. ముద్రాపకుడు, ప్రచురణకర్త పేర్లు వేయాలన్న నియమం 1867 నాటి చట్టంతో మొదలైంది. తప్పు రాస్తే అడగడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఫోన్‌లో వచ్చే కటింగుకు ఆ మనిషి లేడు.

మీకు తెలిసిన విషయంలోనే పేపరు తప్పు రాసిందనుకోండి, ఊరుకోకండి. ముందు సంపాదకుడికి ఉత్తరం రాయండి, సవరణ వేయమని అడగండి. స్పందించకపోతే భారత ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక, వారపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోగా, మిగతావాటికి నాలుగు నెలల్లోగా పంపాలి. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా మాత్రం వేయలేదు. టీవీ చానళ్ళు దాని పరిధిలోకి రావు. ఫిర్యాదుతో పాటు కటింగు, తెలుగు పేపరయితే దాని ఇంగ్లీషు అనువాదం, సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు జతచేయాలి. పేపరు తేదీ, ఏ ఎడిషనో, పేజీ నంబరు ఎంతో రాయడం మరిచిపోకండి.